ఇల్లు – ఇల్లాలు: వాన వెళ్ళినా వాసన వెళ్ళలేదా?

ఈ నెల ఈ పేజీకి మేము తీసుకున్న విషయం, చాలామంది సహోదరీలు నలుగురిలో అడగడానికి మొహమాటపడే విషయం. చుట్టాలు వస్తే సోఫా మీద కూర్చోమనడానికి వెనుకాడతాం. బీరువా తలుపు తీయగానే ముక్క వాసన గుప్పుమంటుంది. మంచాన ఉన్న నాయనమ్మ గదిలోకి మనవలు రారు, గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి వెళ్ళిపోతారు. పైకి చిన్న సంగతుల్లా కనబడతాయి గాని, ఆ ఇంట్లో కాపురం చేసేవారికి ఇవి రోజూ గుచ్చుకునే ముళ్ళే.

మన వరంగల్, హన్మకొండలలో ఈ బాధ కొన్నేళ్ళుగా మరీ ఎక్కువైంది. 2020 ఆగస్టులో ఒకసారి, 2023 జులైలో ఒకసారి, మొంథా తుపాను వచ్చిన 2025 అక్టోబరులో మరోసారి పల్లపు కాలనీలలో నీళ్ళు ఇళ్ళలోకే వచ్చాయి. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటలలో పొరుగున ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిందంటే, వాన ఎలాంటిదో మీరే ఊహించుకోవచ్చు. హంటర్ రోడ్డు, ఎన్.టి.ఆర్. నగర్, బొందివాగు చుట్టుపక్కల ఉన్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. నీళ్ళు రెండు మూడు రోజులలో తీసిపోతాయి. వాసన మాత్రం సంక్రాంతి దాకా ఉంటుంది. నీళ్ళు రాని ఇళ్ళలో కూడా ముసురు పట్టిన నెలలలో గోడలు చెమ్మగిల్లి, గోడకు ఆనించిన మంచాలు, బీరువాలు అదే వాసన వేస్తాయి.

మొదట ఒక మాట. వాసన గాలిలో తేలే దయ్యం కాదు. ఎక్కడో ఒక చోట, ఒక వస్తువులో, ఏదో మిగిలిపోయి ఉంది. అది తడి కావచ్చు, బూజు కావచ్చు, మూత్రంలోని ఉప్పు కావచ్చు, నూనె జిడ్డు కావచ్చు. దాని నుండి కంటికి కనబడని రేణువులు లేచి మన ముక్కుకు తగులుతున్నాయి. అగరుబత్తి వెలిగించినా, సెంటు చల్లినా, అంగడిలో దొరికే సువాసనల డబ్బా గోడకు తగిలించినా ఆ వస్తువు అక్కడే ఉంటుంది. కాసేపు మల్లెపూల వాసన, ముక్క వాసన కలిసి వస్తాయి, అంతే. నిజం చెప్పాలంటే ఆ కలయిక మొదటిదాని కంటే ఘోరంగా ఉంటుంది! కనుక సెంటుకు పెట్టే డబ్బు మిగుల్చుకుని, వాసన ఎక్కడ కాపురముందో వెతకడానికి ఒక పూట కేటాయించండి.

వెతికేటప్పుడు చాలామంది పైన వెతుకుతారు. వాసన కింద, వెనుక, లోపల ఉంటుంది. సోఫా కింద బిగించిన నల్లగుడ్డ, మంచం కోళ్ళ అడుగు, సొరుగుల వెనుక పలక, బీరువా కింది అరకు అడుగున ఉన్న ఖాళీ, ఇవి చూడండి. రంగుగాని పాలిష్ గాని పడని చెక్క భాగమే చెమ్మను, వాసనను పీల్చుకుంటుంది. పాలిష్ పెట్టిన ముందు భాగాన్ని వారం రోజులు తుడిచినా ఫలితం లేకపోవడానికి కారణం అదే.

నీళ్ళు ఇంట్లోకి వచ్చి తీసిపోయిన తరువాత మొదటి ఒకటి రెండు రోజులే అన్నిటికన్నా విలువైనవి. తడిసిన వస్తువు 24 నుండి 48 గంటలలోగా ఆరితే బూజు పట్టడం చాలావరకు తప్పుతుంది. అంతకు మించి తడిగా ఉంటే బూజు వేళ్ళూనుతుంది. కాబట్టి ముందు బురద కడగాలా, సామాను ఆరబెట్టాలా అని తర్జనభర్జన పడవద్దు. సామాను బయటకు తేవాలి. లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటి గోడలకు పట్టే పొడను గూర్చిన విధి ఉన్నది కదా. అక్కడ కూడా యాజకుడు చూడ్డానికి రాకముందే ఇల్లంతా ఖాళీ చేయమని ఉంది. తరువాతే గోడలు గీయడం, రాళ్ళు ఊడదీయడం. చెమ్మ విషయంలో ఆ వరుస ఇప్పటికీ సరైనదే.

వరద నీరు వాన నీరు కాదు. నాలాల మురుగు కలిసిన నీరు. అందుకని కొన్నిటిని వదులుకోవలసిందే. ఇది చెప్పడానికి మాకూ కష్టంగానే ఉంది, ఎందుకంటే కొన్నవారికి తెలుసు ఒక్కొక్క వస్తువు ఎన్ని నెలల చీటీ డబ్బో. అయినా మురుగు నీటిలో మునిగిన ఫోము పరుపు, ఫోము దిండు, సోఫా లోపలి స్పాంజి మళ్ళీ శుభ్రపడవు. స్పాంజి లోపల వేల గదులుంటాయి. పైకి ఎండినట్టు కనబడి నడుమ నెలల తరబడి తడిగా ఉంటుంది. చిన్నపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు దానిమీద పడుకుంటే రాత్రిపూట దగ్గు, ఆయాసం ఎక్కువవుతాయి. అలాగే రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు ఒకసారి నీరు తాగి ఉబ్బితే ఇక దానికి మందు లేదు. సోఫా చట్రం టేకుదో వేపదో అయితే దాన్ని మాత్రం ఉంచుకుని, స్పాంజి, గుడ్డ తీసేసి కొత్తవి వేయించుకోవచ్చు. కొత్త సోఫా కంటే అది ఎంతో చవక.

మన పెద్దలు వాడిన సామానుకు ఈ విషయంలో ఒక గొప్ప గుణం ఉంది. అది విప్పడానికి వస్తుంది. నవారు మంచం తీసుకోండి. నవారు విప్పి, సబ్బునీళ్ళలో నానబెట్టి ఉతికి, ఎండలో వేసి, సాయంత్రం మళ్ళీ అల్లుకోవచ్చు. చట్రం ఎటూ గాలికి ఆరుతుంది. దూది పరుపు కూడా అంతే. వరంగల్ పత్తికి పేరుపడ్డ ఊరు. ఎనుమాముల మార్కెట్టుకు బస్తాలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. అలాంటి ఊళ్ళో దూది పరుపు పాతకాలపు వస్తువని తీసిపారేసి, కడగరాని ఫోముకు అలవాటు పడ్డామంటే మాకు కొంచెం విచారంగానే ఉంటుంది. చెమటకు, మామూలు వాన చెమ్మకు వాసన పట్టిన దూది పరుపు కుట్లు విప్పి, దూదిని పలుచగా దుప్పటి మీద పరచి, రెండు మూడు రోజులు గట్టి ఎండలో తిప్పుతూ ఆరబెట్టండి. తరువాత దూది ఏకేవారి చేత ఏకించి, కొత్త గుడ్డలో కుట్టించుకుంటే పరుపు మళ్ళీ పొంగుతుంది, వాసనా పోతుంది. మురుగు తగిలిన దూదికి మాత్రం ఈ సలహా వర్తించదు. దాన్ని పారేయండి. బూరుగు దూదిని ఉతకకూడదు, ఎండే దానికి మందు.

కొత్తవాడ జంపఖానాలు ఉన్నవారు అదృష్టవంతులు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వరంగల్ నూలు జంపఖానాను పరుపు మీద పరచి, పైన దుప్పటి వేసుకుంటే చెమట పరుపులోకి దిగదు. ఉతికేది జంపఖానా, పరుపు కాదు. మొదటిసారి ఉతికేటప్పుడు మాత్రం ఒక మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగుతుందేమో చూసుకోండి.

చెక్క సామానును దూదిలాగ ఎర్రటి ఎండలో పెట్టకూడదు. టేకు బల్లయినా త్వరగా ఎండితే పగుళ్ళిస్తుంది, అతుకులు ఊడతాయి. నీడలో, గాలి ఆడే చోట, ఇటుకలమీద కాస్త ఎత్తులో పెట్టండి. సొరుగులు, తలుపులు తీసి విడిగా ఉంచండి. సొరుగు ఉబ్బి ఇరుక్కుంటే ముందునుంచి లాగి పిడి ఊడగొట్టుకోకుండా, వెనుక పలక మేకులు తీసి అటునుంచి నెట్టండి. బూజు కనబడితే పొడి గుడ్డతో దులపవద్దు. దులిపితే అది గాలిలో లేచి ఇల్లంతా పడుతుంది, మీ ఊపిరితిత్తులలోకీ పోతుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, సబ్బునీటిలో పిండిన గుడ్డతో తుడిచి, మంచినీటి గుడ్డతో మళ్ళీ తుడిచి ఆరనివ్వండి. పూర్తిగా ఆరిన తరువాత, అంటే రోజులు కాదు, వారాలు పట్టవచ్చు, రంగు లేని భాగాలను గరుకు కాగితంతో రుద్ది, లక్కతో చేసే పాలిష్ రెండు పూతలు వేయించండి. చెక్క లోపల మిగిలిన కొద్దిపాటి వాసనను ఆ లక్క పొర బయటకు రానివ్వదు. తడి ఆరకముందే పాలిష్ వేస్తే చెమ్మను లోపల పెట్టి తాళం వేసినట్టే.

ఇక ఇనుప బీరువా. దీనికి చెమ్మ పట్టదని అందరూ అనుకుంటారు. ఇనుముకు పట్టదు గాని లోపలి చీరలకు, కాగితాలకు, అరలలో పరచిన పాత వార్తాపత్రికలకు పడుతుంది. ముందుగా ఆ పత్రికలు తీసి పారేయండి. సగం వాసన వాటిదే. సబ్బునీటితో తుడిచి, తలుపులు రెండు రోజులు బార్లా తెరచి ఉంచి, గోడకు నాలుగు వేళ్ళ దూరం జరిపి పెట్టండి. లోపల ఒక గిన్నెలో బొగ్గులు పెడితే కొంత వాసనను పీలుస్తాయి. మరో గిన్నెలో రాళ్ళ ఉప్పు పెట్టి చూడండి. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటిందంటే ఉప్పు నీరు కారుతుంది. ఆ రోజు బీరువా తలుపులు తెరచి ఆరబెట్టాలనుకోవడం వృథా, బయటి చెమ్మే లోపలికి వస్తుంది.

బీరువా మాట వచ్చింది కాబట్టి కలరా ఉండల సంగతి చెప్పి తీరాలి. ముక్క వాసనకు మందుగా నాఫ్తలీన్ ఉండలు పడేయడం మన ఇళ్ళలో అలవాటు. మరోపక్క, పుట్టిన బిడ్డకు కొత్తబట్ట కాకుండా అమ్మమ్మ దాచిన మెత్తటి పాత చీరల ముక్కలు చుట్టడం కూడా అలవాటే. ఈ రెండు అలవాట్లు ఒక బిడ్డ దగ్గర కలిస్తే ప్రమాదం. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము లోపం ఉంటుంది. మగపిల్లలలో ఎక్కువ. పైకి ఏమీ తెలియదు. అలాంటి బిడ్డకు నాఫ్తలీన్ పట్టిన గుడ్డ చుట్టితే, ఆ ఆవిరి చర్మం ద్వారా, ఊపిరి ద్వారా లోపలికి పోయి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. బిడ్డకు పచ్చకామెర్లు వచ్చి, తీవ్రమైతే మెదడుకే దెబ్బ తగలవచ్చు. కాబట్టి కాన్పుకు వచ్చే కూతురు కోసం దాచే బట్టల్లో కలరా ఉండలు వేయనే వద్దు. ఇదివరకే వేసి ఉంటే ఆ బట్టలు పసిబిడ్డకు వాడవద్దు, పెద్దవాళ్ళకు వాడుకోండి. బిడ్డ కళ్ళు, ఒళ్ళు పచ్చబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, కలరా ఉండల గుడ్డలు వాడిన సంగతి డాక్టరుగారికి చెప్పండి. అడగలేదు కదా అని ఊరుకోవద్దు. పాకే పిల్లలున్న ఇంట్లో ఆ తెల్లటి ఉండలు మిఠాయిలా కనిపిస్తాయన్నది మరో భయం. ఎండబెట్టిన వేపాకు పాత గుడ్డ సంచిలో కట్టి పెట్టుకోండి. వాసనకు అది అంత గట్టి మందు కాదు గాని, బట్టలు పూర్తిగా ఆరినవైతే అసలు మందుతో పనే లేదు.

మూత్రం వాసన గూర్చి ఇప్పుడు చెబుతాము. చాలామందికి అసలు బాధ ఇదే.

పరుపు మీద పసివాడు పోసినా, మంచాన పడిన పెద్దవారికి తెలియకుండా పోయినా, మూత్రం అప్పుడే అంత వాసన వేయదు. అందులోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినకొద్దీ అమ్మోనియా పుడుతుంది. కళ్ళు మండే ఆ ఘాటు దానిదే. దానితోపాటు యూరిక్ ఆమ్లం సన్నటి స్ఫటికాలుగా గుడ్డలో, దూదిలో ఉండిపోతుంది. అది నీటిలో సరిగా కరగదు. అందుకే ఉతికిన పరుపు ఎండాకాలం బాగానే ఉండి, మొదటి ముసురుకు మళ్ళీ వాసన వేస్తుంది. ఎవరూ మళ్ళీ పోయలేదు, పాతదే తేమకు లేచింది. ఈ సంగతి తెలియక పాపం ముసలివారిని మాటలంటారు.

తడి ఇంకా ఉండగానే పొడిగుడ్డతో అదిమి పీల్చండి, రుద్దవద్దు. రుద్దితే లోపలికి దిగుతుంది. తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్ళు ఒక పాలు కలిపి ఆ చోట చల్లి పది నిమిషాలు ఉంచి మళ్ళీ అద్దండి. వెనిగర్‌లోని పులుపు అమ్మోనియా ఘాటును విరిచేస్తుంది. ఆరిన తరువాత వంటసోడా దట్టంగా చల్లి రాత్రంతా ఉంచి, ఉదయం బ్రష్షుతో దులిపేయండి. వెనిగర్, సోడా ఒకేసారి కలిపి బుసబుస పొంగించే చిట్కాలు ఇప్పుడు ఫోనుల్లో చాలా తిరుగుతున్నాయి. పొంగు చూడ్డానికి బాగుంటుంది గాని పులుపు, సోడా ఒకదాన్నొకటి చంపుకుని ఉప్పునీళ్ళలాంటిది మిగులుతుంది. విడివిడిగానే వాడండి. పాతబడిన మరకకు, కుక్కలు పిల్లులు పెంచేవారి కోసం అమ్మే ఎంజైము ద్రావణం మేలు. యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టేది అదే. అది పనిచేయడానికి గంటలు పడుతుంది, చల్లి వెంటనే తుడిచేస్తే డబ్బు దండగ.

బ్లీచింగ్ పౌడరు మాత్రం మూత్రం మీద పోయవద్దు. అమ్మోనియాతో కలిసి ఊపిరాడనివ్వని విషవాయువు పుడుతుంది. వెనిగర్‌తోను, బాత్రూము కడిగే యాసిడ్‌తోను కలిసినా క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన చిన్న గదిలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. వరద తరువాత సిమెంటు నేల కడగడానికి బ్లీచింగ్ మంచిదే, ఒంటరిగా, నీటిలో కలిపి, కిటికీలు తీసి.

మంచాన ఉన్న అత్తమ్మ, మామయ్యల విషయంలో పరుపు కంటే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మూత్రం ఘాటు ఉన్నట్టుండి పెరిగితే, లేదా కొత్తగా పక్క తడుస్తుంటే అది వయసు వల్లనే అని తీసెయ్యకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, షుగరు కావచ్చు, మగవారికి ప్రొస్టేట్ గ్రంథి కావచ్చు. పరీక్ష చేయిస్తే మందులతో తగ్గేవి చాలా ఉన్నాయి. ఇంకొక సంగతి. పక్క తడుస్తుందన్న సిగ్గుతో చాలామంది పెద్దవారు నీళ్ళు తాగడం మానేస్తారు. కోడలికి పని పెట్టకూడదని వారి ఆలోచన. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి ఘాటు ఇంకా పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్‌కు దారి తీస్తుంది. డాక్టరు తక్కువ తాగమని చెప్పినవారికి తప్ప, మిగిలినవారికి పగటిపూట అడిగి అడిగి నీళ్ళివ్వండి. పరుపుకు మొత్తంగా జిప్పు వేసే రెక్సిను తొడుగు కుట్టించి, దానిపైన నూలు జంపఖానా, ఆపైన దుప్పటి వేయండి. తడిసినప్పుడు పై రెండూ తీసి ఉతకడం, రెక్సిను తుడవడం, అంతటితో సరి. ఈ ఏర్పాటు ఎవరికోసమో వారికి వినబడేలా పొరుగువారితో చెప్పకండి. తుడిచేటప్పుడు ముక్కు మూసుకోకండి, ఆ సైగ వారికి మాటకంటే ఎక్కువ తగులుతుంది.

మిగిలినవి తొందరగా. ఎండుచేపలు దాచిన అలమారు నీచు వాసనకు నిమ్మరసంగాని, చింతపండు నీళ్ళుగాని పట్టించి తుడవండి. వెనిగర్ అమ్మోనియా మీద చేసిన పనే ఇక్కడ పులుపు చేస్తుంది. చుట్ట, బీడీ కాల్చేవారి గదిలో చెక్కకు, ఇనుముకు సన్నటి జిడ్డుపొర పడుతుంది, గోరువెచ్చటి సబ్బునీటికే అది పోతుంది. కర్టెన్లు ఉతకడం మరువకండి. కొత్త ప్లైవుడ్ సామాను ఘాటు జిగురులోని ఫార్మాల్డిహైడ్‌ది, కొన్ని వారాలు కిటికీలు తెరచి ఉంచండి, ఆ గదిలో పసిపిల్లలను పడుకోబెట్టకండి. సోఫాలోగాని, అలమారు వెనుకగాని ఎలుక చచ్చిందని అనుమానముంటే చీపురుతో ఊడ్చవద్దు. చేతులకు తొడుగులు వేసుకుని, ఆ చోటు బ్లీచింగ్ నీళ్ళతో తడిపి, ప్లాస్టిక్ సంచిలో తీసి పూడ్చండి. ఎలుక మూత్రం తగిలితే ఎలుక జ్వరం వస్తుంది, వరద తరువాత మరీను.

అంతా అయిన తరువాత వాసన పోయిందో లేదో మీ అంతట మీరు తేల్చుకోలేరు. ఒకే వాసనలో ఉండే ముక్కు కొద్ది నిమిషాలకే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఏళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నవారికి అసలే తెలియదు. కాబట్టి గదిని, బీరువాను ఒక రోజంతా మూసి ఉంచి, మరునాడు పొరుగింటి వదినగారినో, ఊరినుంచి వచ్చిన చెల్లెలినో పిలిచి, తలుపు వారిచేత తీయించండి. మొదటి శ్వాసకు వారి ముఖం చూస్తే మీకే తెలుస్తుంది. ముఖం ముడిస్తే సొరుగులు తీసి, వెనుక పలక మళ్ళీ చూడండి.